అంగడి కట్టేముందు ఊరినడగండి



ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. గుడుపల్లె మండలంలో ఉండేవాళ్లు ఎవరికి వాళ్లు మనసులో జవాబు చెప్పుకోండి. పోయిన నెలలో మీరు కుప్పానికి దేనికి పోయినారు?

ఆసుపత్రి పని, బ్యాంకు పని, పెండ్లిళ్లు పక్కన పెట్టండి. ఏదైనా కొనడానికో, బాగు చేయించుకోవడానికో పోయింది మాత్రమే లెక్కేయండి. బోరు మోటారు కాలిపోయి వైండింగు కోసం పోయినారా? డాక్టరు రాసిన బీపీ మాత్ర ఇక్కడ లేదన్నారా? సెల్‌ఫోను అద్దం పగిలిందా? ఆడబిడ్డకు పండక్కి గుడ్డలు తీయడానికా? ఆ జవాబును అట్లే పెట్టుకోండి. దానితో మళ్లీ పనుంది.

మన పక్క ఇప్పుడు అభివృద్ధి కాగితాలకు కరువు లేదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె పేర్లు కలిపి 2019లో ఒక పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. కుప్పం ప్రాంతానికని విడిగా ‘కడా’ అనే అభివృద్ధి సంస్థ ఉంది. కుప్పం పంచాయతీ కాస్తా పురపాలక సంఘమైంది, 2021 నవంబరులో దానికి తొలి ఎన్నికలు జరిగాయి. 2022లో కుప్పం రెవెన్యూ డివిజను అయింది. 2025 జనవరిలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో ముఖ్యమంత్రి ‘స్వర్ణ కుప్పం – విజన్ 2029’ పత్రాన్ని విడుదల చేశారు. రోడ్లు, నీళ్లు, పరిశ్రమలు, పాడి అన్నీ కావలసినవే, ఎవరూ కాదనరు. అయితే రోడ్డు వెడల్పు చేసిన మరుసటి ఏడు దాని పక్కన మొట్టమొదట లేచేది ఫ్యాక్టరీ కాదు, అంగడి. టీ అంగడి, పంక్చరు అంగడి, సెల్లు అంగడి, ఆ తరువాత రెండంతస్తుల కాంప్లెక్సు, దాని నెత్తిన ‘బాడుగకు ఇవ్వబడును’ అన్న బోర్డు. ఏ అంగడి ఎక్కడ రావాలి, ఎంత బాడుగకు రావాలి, రోడ్డు పక్కన ఇప్పటికే గంప పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కడికి పోవాలి అన్నది మాత్రం ఊరు కూర్చుని మాట్లాడుకున్న పాపాన పోలేదు. స్థలం ఉన్నాయన, డబ్బున్నాయన, సంతకం పెట్టే ఆయన తేల్చేస్తారు. మిగిలినవాళ్లకు రిబ్బను కత్తిరించే రోజున తెలుస్తుంది.

గుడుపల్లె తెలియని శ్రోతలకు రెండు మాటలు చెప్పాలి. చెన్నై నుంచి బెంగుళూరు పోయే రైలుమార్గంలో జోలార్‌పేట దాటి, కుప్పం దాటితే వచ్చే స్టేషను గుడుపల్లె. ఆ తరువాత బిసానత్తం, ఆ పైన కర్ణాటక. తమిళనాడు కూడా ఎంతో దూరం లేదు. ఒక అంగడి ముందర అరగంట నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి, మూడింటిలోనూ బేరం ఒకే మాదిరి సాగుతుంది. మండల కార్యాలయాలు ఉన్న ఊరు. మండలంలోనే గుడివంక ఉంది, అక్కడ సుబ్రహ్మణ్యస్వామి గుడి, అగస్త్య ఫౌండేషను వాళ్ల సైన్సు ప్రాంగణం ఉన్నాయి.

ఇక్కడికి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి చేను: టమోటా, బంతి, చామంతి, రాగి, చెనిక్కాయ, పట్టుగూళ్లు, పాలు. రెండోది రైలు. ఒకప్పుడు మూడో దారి కూడా ఉండేది. చిగురుగుంట, బిసానత్తం పక్క బంగారు గనులు నడిచేవి. 2001లో కోలారు గనులతో పాటు భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఆ దారి పూడిపోయింది. గని జీతం ఆగితే ముందు కుంగేది గని పక్క అంగడి అని కేజీఎఫ్ బజార్లు చూసినవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

రైలు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊరి అంగళ్ల కథ అంతా దాంట్లోనే ఉంది. కుప్పం పక్కనుంచి చీకటితో లేచి రైలెక్కి, బెంగుళూరులో పని చేసుకుని, రాత్రికి తిరిగొచ్చే జనం చాలామంది. కట్టడం పనులు, ఇళ్లల్లో పనులు, గార్మెంట్ ఫ్యాక్టరీలు, వాచ్‌మన్ ఉద్యోగాలు. వాళ్ల సంపాదన ఊరి సంపాదనే. అది ఖర్చయ్యేది ఎక్కడ? రాత్రి వాళ్లు దిగేసరికి ఊళ్లో అంగళ్లు షట్టరు దించేసి ఉంటే, కూరగాయలూ బిడ్డలకు బ్రెడ్డూ బంగారుపేటలోనో, బెంగుళూరులోనో సంచిలో పడిపోతాయి. డబ్బు ఊరి దాకా రాదు, సరుకు మాత్రమే వస్తుంది. అంటే గుడుపల్లెకు కావలసింది కొత్త అంగడి కాదేమో, ఉన్న అంగడి ఇంకో గంటన్నర తెరిచి ఉండటమేమో! స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో నాలుగు లైట్లు వెలిగితే ఆ గంటన్నర వ్యాపారానికి సరిపోతుందేమో. ఈ సంగతి ఇంజనీరు గీసిన నక్షాలో కనపడదు. రైలు దిగే మనిషిని అడిగితే తెలుస్తుంది. ఆయన్ను పట్టపగలు పదకొండు గంటలకు గ్రామసభకు రమ్మంటే వస్తాడా? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

ఇప్పుడు ఊళ్లో ఉన్న కిరాణా అంగడి దగ్గరికి వద్దాం. గల్లాపెట్టె పక్కన ఒక పొడుగాటి పద్దు పుస్తకం ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పేరు రాసే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది: ‘పాల ఆమె’, ‘చింతమాను ఇంటోళ్లు’, ‘బెంగుళూరు అబ్బోడు’. ఎర్రగడ్డలు రెండు కేజీలు, నూనె ప్యాకెట్టు ఒకటి, సబ్బు, బెల్లం అచ్చు. కింద గీత. గీత కింద తీర్చే తేదీ ఉండదు, తీర్చే సందర్భం ఉంటుంది. రామనగరం మార్కెట్లో గూళ్లు అమ్ముడుపోయినాక, టమోటా కోత పడినాక, పాల బిల్లు వచ్చినాక. మన రైతుకు నెల జీతం లేదు కాబట్టి నెల బిల్లూ లేదు. 2023 జులై ఆఖరుకు మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా 200 రూపాయల దరిదాపుకు పోయింది. రెండు నెలలు తిరక్కుండానే పది రూపాయలు పలకని రోజులు వచ్చాయి. ఇట్లాంటి పంట మీద బతికే ఇల్లు ఆ రెండు నెలలూ ఎట్లా అన్నం తిన్నదో ఆ పద్దు పుస్తకం చెబుతుంది. పెద్ద కంపెనీ సూపర్‌మార్కెట్టు కంప్యూటరులో ‘టమోటా కోత పడినాక’ అని రాసుకునే గడి లేదు.

అట్లని కిరాణా అంగడిని గుడి చేసి మొక్కమనడం లేదు. పాల ప్యాకెట్టు మీద అచ్చేసిన ధరకు పైన రూపాయో రెండో ‘కూలింగ్’ అని తీసుకునే అంగళ్లు మనకు తెలుసు. గడువు దాటిన బిస్కెట్టు ప్యాకెట్టును వెనక్కు తిప్పి పెట్టేవాళ్లూ తెలుసు. అరువు తెచ్చుకునే ఇంటికి తూకం గురించి గట్టిగా అడిగే నోరుండదు, అదీ నిజం. ఇంకొక మాట ఉంది, దాన్ని రేడియోలో చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కౌంటరు ముందర పదిమంది నిలబడి ఉంటే ఎవరిని ముందు పలకరిస్తారు, ఎవరిని కడదాకా నిలబెడతారు, ఎవరి చేతిలో డబ్బు పెడతారు, ఎవరికి చిల్లర బల్ల మీద పడేస్తారు అనేది మన పల్లెల్లో ఎవరికీ తెలియనిది కాదు. బుట్ట పట్టుకుని తనకు కావలసింది తానే తీసుకుని, వరుసలో నిలబడి బిల్లు వేయించుకునే అంగడి కావాలని ఒక దళితవాడ పిల్ల అడిగితే అది ఫ్యాషను కోసం కాదు. ఆ పిల్ల కోరికను ‘టౌను మోజు’ అని కొట్టిపారేసేవాళ్లు తాము ఏ వరుసలో నిలబడ్డారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కిరాణా, సూపర్‌మార్కెట్టు కాక మూడోరకం అమ్మేవాళ్లు రోడ్డు పక్కన ఉంటారు. నాకు వాళ్ల గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే అంగళ్ల ప్రణాళిక అనే మాట వచ్చినప్పుడల్లా మొదట లేపేది వాళ్లనే.

పూలమ్మే ఆమెను తీసుకోండి. పొద్దున చేనులో కోసుకొచ్చిన చామంతి తడిగుడ్డ కింద ఉంటుంది. కట్టిన దండను మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా సాగదీసి మూర అంటుంది. కొనే అమ్మ ‘నీ చెయ్యి పొట్టి, నా చేత్తో కొలువు’ అంటుంది. ‘నీ చేత్తో కొలిస్తే నా ఇల్లు గడుస్తుందా అక్కా’ అని ఆమె తన చేత్తోనే కొలిచి, కత్తిరించే ముందర నాలుగు పూలు అవతలికి జరిపి, ఆకులో చుట్టి ఇస్తుంది. ఇద్దరూ గెలిచినట్టే పోతారు. ఆమె పెట్టుబడి ఒక గోతం పట్ట, ఒక వెదురు బుట్ట, చినిగిన గొడుగు, ఇప్పుడైతే బుట్టకు వేలాడదీసిన క్యూఆర్ కోడు అట్ట. ఆమెకు స్థలం అంటే బస్సు దిగేవాళ్ల కాళ్లు పడే చోటు. పదడుగులు అవతలికి జరిపితే బేరం సగమవుతుంది. కాంప్లెక్సు పై అంతస్తులో గది ఇస్తే పూలు వాడిపోతాయి, బేరం పుట్టదు. ఆమెనడిగితే షట్టరు అడగదు. నీడ అడుగుతుంది, తాగడానికి నీళ్లు అడుగుతుంది, పొద్దున ఆరింటికి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే ఆడమనిషి కాబట్టి మరుగుదొడ్డి అడుగుతుంది. ఆశీలు వసూలు చేసేవాడు ఈ రోజు ఇరవై, రేపు ముప్పై అనకుండా ఒకే రేటు బోర్డు మీద రాయమంటుంది. ఈ నాలుగు పనులకూ కలిపి అయ్యే ఖర్చు ఒక కాంప్లెక్సు పునాది ఖర్చుకు కూడా రాదు.

ఇక్కడ చట్టంలో ఒక తిరకాసు ఉంది. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. దానికి ముందు 1989లోనే సుప్రీంకోర్టు సోదన్ సింగ్ కేసులో, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, దానికి సబబైన హద్దులు పెట్టవచ్చునని తేల్చింది. 2014 చట్టం ప్రకారం పట్టణంలో విక్రయ కమిటీ వేయాలి. అందులో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. లెక్క తీయకుండా, గుర్తింపు పత్రాలివ్వకుండా ఎవరినీ లేపకూడదు. బాగుంది. అయితే ఈ చట్టం పట్టణాలకు. కుప్పం పురపాలక సంఘమైంది కాబట్టి కుప్పం బజారులో పూలమ్మే ఆమెకు ఈ కమిటీ మాట వర్తిస్తుంది. ఒక్క స్టేషను ఇవతల గుడుపల్లెలో అవే పూలమ్మే ఆమె చెల్లెలికి వర్తించదు. ఆమెకు దిక్కు పంచాయతీ. పంచాయతీ మనసు పెడితే ఇట్లాంటి కమిటీనే తీర్మానం చేసి వేసుకోవచ్చు, ఏ చట్టమూ అడ్డు చెప్పదు. అమ్మేవాళ్లు నలుగురు, కొనేవాళ్లు నలుగురు, పంచాయతీ సభ్యులు ఇద్దరు. దానికి పైసా ఖర్చు లేదు. ఖర్చు లేని పనికి ప్రారంభోత్సవం ఉండదు కాబట్టి ఎవరికీ గుర్తుకు రాదేమో.

పంచాయతీలు కట్టించిన షాపింగు కాంప్లెక్సుల కథ రాష్ట్రం నలుమూలలా ఒకే తీరుగా ఉంటుంది. నిధులు వస్తాయి. రోడ్డు వైపు పది గదులు లేస్తాయి. వేలం వేస్తారు. గుడ్‌విల్ అని, డిపాజిట్ అని లక్షల మాట వినపడగానే పూలమ్మే ఆమె, చెప్పులు కుట్టే తాత, టైలరు ముగ్గురూ వెనక్కు జరుగుతారు. పాడుకున్నాయన తాను వ్యాపారం చెయ్యడు, పై బాడుగకు ఇంకొకరికి ఇస్తాడు. ఆ బాడుగ పెరిగి పెరిగి అంగడి ధరల్లో చేరుతుంది, కడకు కట్టేది కొనేవాళ్లే. కొన్నిచోట్ల అదీ లేదు, గదులు గోడౌన్లవుతాయి. పంచాయతీకి రాబడి కావాలి, ఆ సంగతి నేను కాదనడం లేదు. కానీ గదులు ఎన్ని అనే ముందు ఎవరికి అని అడిగి ఉంటే, పదిలో నాలుగు గదులు వేలం లేకుండా తక్కువ బాడుగకు చేతిపనుల వాళ్లకు ఉంచమని ఊరే చెప్పి ఉండేది. మోటారు వైండింగు పనివాడు గుడుపల్లెలో ఒక గదిలో కూర్చుంటే ఎండాకాలంలో ఎంతమంది రైతులకు కుప్పం ప్రయాణం, ఒక రోజు నీళ్లు మిగులుతాయో లెక్కేసుకోండి. మొదట్లో మిమ్మల్ని దాచుకోమన్న జవాబు ఇందుకోసమే.

ఊరిని అడగడం అంటే ఎవరిని అడగడం అనేది కష్టమైన ప్రశ్న. దీనికి ఫ్రాన్సు దేశం అనుభవం ఒకటి చెబుతాను, మనకు బాగా పనికొస్తుంది. అక్కడ 1960లలో ఊళ్ల పొలిమేరల్లో హైపర్‌మార్కెట్లు లేచి చిన్న అంగళ్లు మూతపడటం మొదలైంది. చిన్న వ్యాపారులు రోడ్డెక్కారు. 1973 డిసెంబరులో రోయేర్ అనే మంత్రి పేరుతో చట్టం వచ్చింది. ఒక హద్దుకు మించి పెద్ద అంగడి పెట్టాలంటే జిల్లా కమిషను అనుమతి కావాలి. ఆ కమిషనులో ఇరవై మంది. తొమ్మిదిమంది ఎన్నికైన నాయకులు, తొమ్మిదిమంది వ్యాపారుల, చేతిపనివాళ్ల ప్రతినిధులు, కొనేవాళ్ల తరఫున ఇద్దరు. ఊరంతా కొనేవాళ్లే, వాళ్లకు రెండు కుర్చీలు! తరువాత జరిగింది ఊహించవచ్చు. పెద్ద అంగళ్లు ఆగలేదు, అనుమతి మాత్రం ఖరీదైంది. పార్టీల ఖజానాలకు చాటుగా డబ్బు ముట్టిందన్న కుంభకోణాలు బయటపడి 1993లో అవినీతి నిరోధానికి తెచ్చిన చట్టంలో ఆ కమిషన్లను మార్చాల్సి వచ్చింది. జపానులోనూ అదే 1973లో పెద్ద అంగళ్ల చట్టం తెచ్చారు, అక్కడి చిన్న వ్యాపారులు కొన్ని అనుమతులను ఏళ్ల తరబడి నానబెట్టారు. 2000లో ఆ చట్టాన్నే తీసేశారు.

మన దేశంలో పెద్ద అంగళ్ల మీద వాదన 2012లో జరిగింది. పలు బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో విదేశీ పెట్టుబడి 51 శాతం దాకా రావచ్చునని కేంద్రం నిర్ణయించినప్పుడు పది లక్షల జనాభా దాటిన నగరాలకు అని హద్దు పెట్టారు. ఆ లెక్కన గుడుపల్లెకు భయమే లేదు. కానీ మన దగ్గరికి పెద్ద వ్యాపారం విదేశీ బోర్డుతో రాలేదు. సెల్‌ఫోనులో వచ్చింది. మండలం మూలమూలకూ పార్శిలు మోసే మోటారుసైకిలు వచ్చింది. చీర, చెప్పులు, మిక్సీ గిన్నె అన్నీ దాంట్లోనే. దాన్ని ఆపమని గ్రామసభ తీర్మానం చేస్తే నవ్వుతారు, ఆపాల్సిన పని కూడా లేదు. ఊరి అంగడి దానితో పోటీ పడాల్సింది ధరలో కాదు, బాగుచేసే పనిలో, అరువులో, పచ్చి సరుకులో. అనపకాయల కాలంలో పొద్దున కోసిన కాయ మధ్యాహ్నానికి ఒలిచి, సాయంత్రానికి పితికి పప్పు చేసి అమ్మే వ్యాపారం ఏ యాపులోనూ ఇమడదు.

పచ్చి సరుకు మాటొచ్చింది కాబట్టి రైతుబజారు గురించి చెప్పక తప్పదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. మొదలుపెట్టిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 1989 నుంచి ఇదే కుప్పానికి శాసనసభ్యుడు. అదే ఏడు నవంబరులో తమిళనాడులో కరుణానిధి ఉళవర్ సందై పేరుతో అట్లాంటిదే మదురైలో తెరిచారు. రైతుబజారులో నాకు నచ్చేది కట్టడం కాదు, దాని వెనక ఉన్న అడగడం. అధికారులు చుట్టుపక్కల పల్లెలకు పోయి కూరగాయలు పండించేది ఎవరని పేరుపేరునా విచారించి, ఫొటో కార్డులు ఇచ్చారు. పొద్దున ఆ రైతులు గంపలతో ఎక్కడానికి ఆర్టీసీ బస్సులు ఎక్కడ ఆగాలో చూశారు. ధర రైతులతో కూర్చుని, టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు కింద పెట్టి, నల్లబోర్డు మీద రాశారు. సరైన తూకాలు ఇచ్చారు. అంగడి ప్రణాళిక అంటే ఇదీ: ఎవరు అమ్ముతారు, ఎట్లా వస్తారు, ఎంతకు అమ్ముతారు తేల్చుకున్నాక రేకులు వేయడం. తరువాత్తరువాత కొన్ని బజార్లలో కార్డులు దళారుల చేతికి పోయాయన్న ఫిర్యాదులు వచ్చాయి, అడగడం ఒకసారి జరిగి ఆగిపోతే అట్లాగే అవుతుంది.

అయితే రైతుబజారు పట్నాల కోసం పుట్టింది. పల్లెల సంతల మాట కేంద్రం 2018–19 బడ్జెట్టులో ఎత్తుకుంది. దేశంలో 22,000 గ్రామీణ సంతలను బాగుచేసి రైతు నేరుగా అమ్ముకునే మార్కెట్లుగా మారుస్తామని, ఉపాధి హామీ నిధులు కూడా వాడతామని చెప్పింది. అరుగులు, రేకుల నీడ, నీళ్లు. పూలమ్మే ఆమె అడిగే జాబితా అదే కదా!

మరి అడిగే చోటు మనకు లేదా? ఉంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే, ఏటా కనీసం రెండుసార్లు సభ పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు, ఉపాధి హామీ కింద ఏ పనులు చేయాలో తీర్మానాలు రాసుకున్నారు. అంత పెద్ద యంత్రాంగం ఒక్క రోజులో కదలగలదని తేలింది. ఆ సభల్లో సీసీ రోడ్డు, కాలువ, పశువుల షెడ్డు అడగడం మన జనానికి అలవాటే. ‘మా ఊరి బజారు ఎట్లా ఉండాలి’ అన్నది అజెండాలో ఉండటం అరుదు. పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాను విషయంలో ఇంకో తలుపు ఉంది. ముసాయిదాను ప్రకటించి, గడువిచ్చి, జనం దగ్గర అభ్యంతరాలు, సలహాలు తీసుకున్నాకే దాన్ని ఖాయం చెయ్యాలి. ఆ ప్రకటన ఏ పేపరులో ఏ మూల వస్తుందో, నక్షాలో నీలం రంగు దేనికో, ఎరుపు దేనికో చెప్పే మనిషి పల్లెలో ఉండడు. నక్షాలో వ్యాపార ప్రాంతం అని రంగు పూసింది మీ ఇంటి ముందరి రోడ్డుకైతే రేపు బాడుగలు మారేది మీకే. చదువుకున్న పిల్లలు, ముఖ్యంగా ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే మన మండలం పిల్లలు, ఆ నక్షా తెచ్చి రచ్చబండ దగ్గర పరిచి చూపిస్తే ఒక సాయంత్రం పని.

అడిగే తీరు గురించి నా మాట ఇది. ‘మీకేం కావాలి’ అని అడిగితే ఎవరైనా ‘సూపర్‌మార్కెట్టు కావాలి’ అనే అంటారు, అది టీవీ చెప్పించిన జవాబు. ‘పోయిన నెలలో కుప్పం ఎందుకు పోయినావు అన్నా’ అని అడగండి, నిజం బయటికొస్తుంది. అడిగే చోటు పంచాయతీ ఆఫీసు ఒక్కటే అయితే అక్కడికి రాగలిగినవాళ్ల మాటే వినపడుతుంది. రాత్రి రైలు దిగేచోట ఒక బల్ల వేసి అడగండి. పాల కేంద్రం దగ్గర పొద్దున ఆడవాళ్లు క్యాన్లతో వచ్చేటప్పుడు అడగండి, అక్కడైతే మొగాళ్ల పెత్తనం తక్కువ. డ్వాక్రా సంఘం సమావేశంలో అడగండి. ఆ సంఘాలకు వ్యాపారం కొత్త కాదు. 2021లో పులివెందులలో మెప్మా కింద ఉన్న పట్టణ పొదుపు సంఘాల ఆడవాళ్లు తలా కొంచెం వాటా వేసుకుని ఒక సూపర్‌మార్కెట్టు పెట్టారు. బుట్ట పట్టుకుని తిరిగే అంగడి, యజమానులు కొనేవాళ్లే. గుడుపల్లెలో అది నడుస్తుందో లేదో నేను చెప్పలేను, చెప్పాల్సింది ఇక్కడి సంఘాలు. కానీ పెద్ద కంపెనీ అంగడికీ పాత కిరాణాకూ మధ్య ఇంకో దారి ఉందని తెలిసి అడగడం వేరు, తెలియక అడగడం వేరు.

ముసలివాళ్లను మరిచిపోవద్దు. కొడుకూ కోడలూ బెంగుళూరులో ఉంటే ఇంట్లో మిగిలేది అవ్వ, తాత. వాళ్లకు అంగడి అంటే నడిచి పోగలిగినంత దూరం. నక్షాలో రెండు వందల అడుగులు జరిపిన కాంప్లెక్సు ఒక అవ్వకు రోడ్డు దాటే భయం. ఆమె దగ్గర ప్రశ్నల కాగితం పనికిరాదు, కూర్చుని మాట్లాడాలి. ఆమె ముందు మీ ఇల్లెక్కడ, ఎవరి బిడ్డవు అని అడిగి, ఆ తరువాతే జవాబు చెబుతుంది. ఓపికుండాలి.

వచ్చే గ్రామసభకు పోయేవాళ్లకు ఒక చిన్న విన్నపం. బజారు స్థలం, అంగళ్ల బాడుగ, ఆశీలు రేటు, రోడ్డు పక్క అమ్మేవాళ్ల కమిటీ: వీటిలో ఒక్కటైనా అజెండాలో చేర్చమని సభకు ముందే పంచాయతీ కార్యదర్శికి కాగితం రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రైలు పనులకు పోయేవాళ్ల కోసం సభను ఒక్కసారైనా ఆదివారం పెట్టమని అడగండి. సభ ముగిసేటప్పుడు తీర్మానాల పుస్తకాన్ని గట్టిగా చదివి వినిపించమనండి. మీరు చెప్పింది అందులో ఉంటే సంతకం పెట్టండి, లేకపోతే అది రాసేదాకా కూర్చోండి.